శాలువాలు చాలించండి

జిల్లా పోటీలు ముగిసిన సాయంత్రం ఏం జరుగుతుందో జనగామలో అడగండి, మానుకోటలో (మహబూబాబాద్) అడగండి, భూపాలపల్లిలో అడగండి. ఒకటే జవాబు వస్తుంది. టెంటు కింద వేదిక, వేదిక మీద కుర్చీలు, కుర్చీల్లో ఎమ్మెల్యే, పార్టీ మండల అధ్యక్షుడు, రోడ్డు కాంట్రాక్టరు, వెంచర్లు వేసే దాత, దాతగారి బావమరిది. పరుగు పందెం గెలిచిన తండా పిల్ల కింద దుమ్ములో, వరసలో నిలబడి ఉంటుంది. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుంటారు. మట్టిలో మాణిక్యాలన్న మాట అందరి నోటా దొర్లుతుంది. పొద్దుగూకుతుండగా పిల్ల పేరు పిలుస్తారు. పైకొస్తుంది. శాలువా కప్పుతారు, ఫొటో దిగుతారు, ఇక దిగమ్మా అంటారు. ఊరికి పోయే చివరి బస్సు అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది.

ఉన్నమాట చెబుతాను. గిరిజన క్రీడాకారులను మనం గౌరవించడం లేదు, వాడుకుంటున్నాం. వాళ్ల కాళ్లు కావాలి మనకు, నోరు అక్కర్లేదు. జిల్లాకు పేరు తెమ్మంటాం. అదే జిల్లాలో ఆశ్రమ పాఠశాల మెస్సులో ఏం వండాలి, ఆటస్థలానికి ఏ సర్వే నంబరు ఇవ్వాలి, వ్యాయామ ఉపాధ్యాయుడి (పీఈటీ) పోస్టు ఏ ఊళ్లో వేయాలి అని తేల్చే బల్ల దగ్గరికి మాత్రం వాళ్లను రానివ్వం. ఆ బల్ల చుట్టూ కూర్చునేవాళ్లలో ఎంతమంది జీవితంలో ఒక్కసారైనా స్పైకులు వేసుకున్నారో ఎవరైనా లెక్క తీస్తే బాగుండు.

ఆ బల్ల దగ్గర కూర్చున్న ఆటగాడు ఈ దేశంలో ఒకడున్నాడు. పేరు జైపాల్ సింగ్ ముండా. ఇవాళ్టి జార్ఖండ్‌లోని ఖూంటి దగ్గర టక్రా అనే ఊళ్లో 1903 జనవరి 3న పుట్టిన ముండా తెగ బిడ్డ. మిషనరీల బడిలో చదివి ఆక్స్‌ఫర్డ్ దాకా వెళ్లాడు. అక్కడ హాకీ ఆడి పేరు తెచ్చుకున్నాడు. ఐసీఎస్‌కు ఎంపికై శిక్షణలో ఉండగా 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు భారత జట్టు కెప్టెన్సీ వచ్చింది. సెలవు లేదన్నారు. అయినా వెళ్లాడు. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు 29 గోల్స్ కొట్టి, ఒక్కటి కూడా కొట్టించుకోకుండా బంగారు పతకం గెలిచింది. జైపాల్ మాత్రం జట్టులో వచ్చిన విభేదాల వల్ల ఫైనల్ ఆడలేదు. తిరిగొచ్చాక సెలవు లేకుండా పోయినందుకు శిక్షణ మరో ఏడాది పొడిగిస్తామన్నారు. మీ ఐసీఎస్ మీరే ఉంచుకోండని వదిలేశాడు. కలెక్టరు ఉద్యోగాన్ని కాదనుకున్న ఆదివాసీ! మన గురుకులాల గోడల మీద ఐఏఎస్ కావడమే జీవిత పరమార్థమని రాయించే పెద్దమనుషులు ఈ ముక్కను ఒకసారి చదువుకోవాలి.

కథ ఇక్కడితో ఆగితే ఆయన కూడా ఒక పాత ఫొటో అయ్యేవాడు. ఆగలేదు. 1939లో ఆదివాసీ మహాసభ పగ్గాలు పట్టాడు. 1946లో రాజ్యాంగ సభలో అడుగుపెట్టాడు. ఆ డిసెంబరు 19న, నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానం మీద లేచి మాట్లాడాడు. మీరు అడవి మనుషులంటూ చిన్నచూపు చూసే ఆ జనంలో నేనొకణ్నని ఆ పెద్దల ముఖం మీదే చెప్పాడు. ఆదివాసీలకు మీరు ప్రజాస్వామ్యం నేర్పనక్కర్లేదు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలన్నాడు. 1950లో జార్ఖండ్ పార్టీ పెట్టాడు. 1952 ఎన్నికల్లో ఆ పార్టీ బీహార్ శాసనసభలో 32 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమైంది. మచ్చలేని మనిషేం కాదు. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసి సొంతవాళ్ల చేత ద్రోహి అనిపించుకున్నాడు. 1970లో పోయాడు. ఆయన అడిగిన రాష్ట్రం 2000 నవంబరులో వచ్చింది. గెలుపు, ఓటమి, పొరపాటు అన్నీ ఆయన సొంతం. ఎవరో చేయి పట్టుకుని వేదిక ఎక్కిస్తే ఎక్కలేదు, దిగమంటే దిగలేదు. నాయకత్వం అంటే నేననేది అదీ.

ఇప్పుడు మన ముంగిట్లోకి వద్దాం. జనగామలో సికింద్రాబాద్ రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే కాసేపటికి భువనగిరి గుట్ట కనిపిస్తుంది. ఆ నున్నటి రాతి మీదనే నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన లంబాడా పిల్ల మాలావత్ పూర్ణ తాడు పట్టుకోవడం నేర్చుకుంది. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. వెంట ఖమ్మం జిల్లా దళిత బిడ్డ ఆనంద్ కుమార్ ఉన్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. 2022లో డెనాలీ ఎక్కి ఏడు ఖండాల ఏడు శిఖరాలు పూర్తి చేసింది పూర్ణ. ఆమె మీద హిందీలో సినిమా కూడా వచ్చింది.

ఈ కథను మనవాళ్లు ఎలా చెబుతారు? పేదింటి పిల్ల, పట్టుదల, అద్భుతం. అబద్ధం. పట్టుదల ప్రతి తండాలోనూ ఉంది. ఆ ఏడాది తేడా ఏమిటంటే, గురుకుల సొసైటీ కార్యదర్శిగా ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ అనే అధికారి ఉన్నాడు, పిల్లల్ని ఏరి శిక్షణకు పంపాడు, డార్జిలింగ్ పంపాడు, లడాఖ్ చలిలో నిలబెట్టాడు, డబ్బు కట్టాడు. ఆయన రాజకీయాలతో నాకు పని లేదు. 2021లో ఆయన స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని పార్టీల్లోకి వెళ్లాడు, అది ఆయనిష్టం. నేనడిగేది వేరు. ఒక అధికారి మనసు మీద ఆధారపడి నడిచేది హక్కు ఎట్లా అవుతుంది? అది దయ. దయగల అధికారి బదిలీ అయితే దయ కూడా బదిలీ అవుతుంది. ఆ స్థానంలో ఉండి, ఫైలు మీద సంతకం పెట్టే అధికారం ఒక పూర్ణ చేతికి ఎప్పుడొస్తుంది? స్ఫూర్తి ప్రసంగం ఇమ్మని పిలిచే కాలేజీలు కోకొల్లలు. బడ్జెట్ మీటింగుకు పిలిచే శాఖ ఏది?

మానుకోట పొలిమేర దాటగానే పర్వతగిరి మండలం కల్లెడ. జీవాంజి దీప్తి ఊరు. ఆమెను ఎస్టీల లెక్కలో కలుపుకోవడం లేదు. పొరుగూరి కూలి ఇంటి బిడ్డ, అంతే. మేధోపరమైన వైకల్యంతో పుట్టినందుకు ఊళ్లో వెక్కిరింపులు పడ్డ పిల్ల. 2024 మేలో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల జాగా ప్రకటించింది. ఇవ్వాల్సిందే. ఇంకా ఇచ్చినా కాదనను. కానీ ఆ జాబితాను మళ్లీ చదవండి. నగదు, కొలువు, పట్నంలో ప్లాటు. మూడూ ఆమెకే. కల్లెడ బడికి ఏమొచ్చింది? మేధోపరమైన వైకల్యంతో పుట్టిన పిల్లల్ని గుర్తించే మనిషి మండలానికి ఒకరు వచ్చారా? బహుమతిని ఇట్లా కట్టడంలోనే కిటుకుంది. గెలిచినవాళ్లను ఊరి నుంచి వేరుచేసి ఒంటరిగా బాగుచేస్తాం. ఊరు ఎట్లా ఉన్నది అట్లాగే ఉంటుంది. మళ్లీ ఇరవై ఏళ్లకు ఇంకో దీప్తి పుడితే అప్పుడు చూసుకుందాం.

ఊరు ఎట్లా ఉందో కూడా చెబుతాను. 2024లో టీచర్ల నియామకానికి పెట్టిన డీఎస్సీలో 11,062 పోస్టులు వేశారు. అందులో పీఈటీలు 182. రాష్ట్రమంతటికీ! మూడు జిల్లాలు కాదు, ముప్పై మూడు జిల్లాలకు. తండాలో ఉండేది ప్రాథమిక పాఠశాల, చాలాచోట్ల ఏకోపాధ్యాయ పాఠశాల. అక్కడ డ్రిల్లు పీరియడంటే పిల్లల్ని బయటికి వదలడమే. పదేళ్ల వయసులో ఎవరి అడుగు ఎంత పొడుగో, ఎవరి భుజంలో ఎంత విసురుందో చూసే కన్ను లేదు. ఆ కన్ను దొరికేది ఆరో తరగతిలో, ఆశ్రమ పాఠశాలలో, అదీ అదృష్టం ఉంటే. గురుకులాల్లో, వసతి గృహాల్లో తిండి తిని ఆస్పత్రి పాలైన పిల్లల వార్తలు 2024లో వరసగా చదివాం కదా. రన్నింగ్ ట్రాక్ తర్వాత అడుగుతాను. ముందు అన్నంలో పురుగులు లేకుండా చూడండి.

2022 జూన్‌లో ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాలు వెలిశాయి. బోర్డులు బాగున్నాయి, ఎవరూ కాదనరు. ఊరికి దూరంగా గుట్ట పక్కనో, శ్మశానం పక్కనో, వానొస్తే నీళ్లు నిలిచే చోటో దొరికిన జాగాలో రెండు ఇనుప కడ్డీలు పాతి, బోర్డు నిలబెట్టి, ఫొటో పైకి పంపితే లక్ష్యం పూర్తయింది. ఇప్పుడు వాటిలో చాలావాటిలో సర్కారు తుమ్మ ఆడుకుంటోంది. ప్రభుత్వం మారింది, ఆ తుమ్మను కొట్టిన నాథుడు లేడు. పరుగెత్తే పిల్లలు ఎక్కడ పరుగెత్తుతున్నారంటే తారు రోడ్డు మీద, తెల్లవారుజామున, ఇసుక లారీల పక్కన. పోలీసు ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డ ఏడాది గూడూరు, బయ్యారం, రేగొండ రోడ్ల మీద చూడండి, ఒలింపిక్స్‌కు పనికొచ్చే ఊపిరితిత్తులు కానిస్టేబుల్ పరీక్ష కోసం అరిగిపోతుంటాయి.

ఇక స్మారక టోర్నమెంట్లు. సంక్రాంతి వచ్చిందంటే చనిపోయిన నాయకుల తండ్రుల పేరిట, బతికున్న నాయకుల పుట్టినరోజుల పేరిట క్రికెట్, కబడ్డీ, వాలీబాల్. టీషర్టు ముందు నాయకుడి బొమ్మ, వెనక నాయకుడి పేరు, నంబరు ఉంటే ఉన్నట్టు. యువకులకు కిట్లు పంచితే ఓట్లు వస్తాయని లెక్క. ఎన్నికల ఏడాదిలో ఊరికి నాలుగు వాలీబాల్ నెట్లు వస్తాయి, మిగతా నాలుగేళ్లు కట్టుకోవడానికి తాడు కూడా దొరకదు. ఇది ఆటకు చేసే సేవ కాదు. పెళ్లి కావలసిన ఇంటికి పంపే చీరె సారె.

భూపాలపల్లి వైపు అడవి అంచుల్లో ఇంకో రకం పిల్లలున్నారు. మావోయిస్టుల మీద పోరు పేరిట సాగిన సల్వాజుడుం కాలంలో ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని గోదావరి ఇవతలికి వచ్చిన గుత్తికోయల పిల్లలు. అక్కడ వాళ్లు షెడ్యూల్డ్ తెగ. ఇక్కడ ఎవరూ కాదు. 2017 సెప్టెంబరులో, అప్పుడు భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న తాడ్వాయి మండలం జలగలంచలో అటవీశాఖ వాళ్లు వీళ్ల గుడిసెలు కూల్చారు. కుల ధ్రువీకరణ లేదు, చాలామందికి పుట్టిన తేదీ కాగితం లేదు. వయసు కాగితం లేనిదే అండర్-14 పోటీలో పేరు రాయరు. బాణం పట్టడం నడకతోపాటే నేర్చిన పిల్లలు వీళ్లు. పోటీకి వాడే విల్లు ధర లక్షల్లో ఉంటుంది. అది కొనివ్వకపోతే పోనీ, నువ్వు మనిషివేనని రాసిచ్చే కాగితమైనా ఇవ్వాలి కదా! గోదావరి అవతల ఆంధ్రలో ఇలాంటి వలస కోయ కుటుంబం నుంచే వచ్చిన కుంజా రజిత పరుగు పందేల్లో జాతీయ స్థాయి పతకాలు గెలిచింది. ఆ ఒక్క పేరు చాలు, మనం ఇక్కడ ఎంతమందిని గుడిసెలతోపాటు కూల్చేశామో ఊహించుకోవడానికి.

రిజర్వుడు సీట్లున్నాయి కదా, ఇంకేం నాయకత్వం కావాలి అని ఎవరో అంటారు. ఉన్నాయి. మహబూబాబాద్ జిల్లా జనాభాలో మూడో వంతుకు మించి గిరిజనులు. లోక్‌సభ స్థానం ఎస్టీ, మహబూబాబాద్ శాసనసభ ఎస్టీ, డోర్నకల్ ఎస్టీ. ఆ సీట్లకు దారి ఎటు నుంచి పోతుందో చూడండి. 2019లో ఎంపీగా గెలిచిన మాలోత్ కవిత, డోర్నకల్‌లో పలుమార్లు గెలిచిన రెడ్యానాయక్ కూతురు. అదే ఏడాది ఆంధ్రలో అరకు ఎంపీగా గెలిచిన గొడ్డేటి మాధవి, మాజీ ఎమ్మెల్యే దేముడు కూతురు. మాధవి సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆమె అంతకుముందు వ్యాయామ ఉపాధ్యాయురాలు. కొండదొర తెగ ఆడబిడ్డ, ఈల మెడలో వేసుకుని పిల్లల్ని ఆడించిన మనిషి, పార్లమెంటుకు వెళ్లింది. సంతోషించాను. కానీ టికెట్ ఇచ్చినవాళ్లు చూసింది ఈలను కాదు, ఇంటిపేరును. 2024లో ఆ ఎంపీ టికెట్ మరొకరికి వెళ్లింది. పై నుంచి ఇచ్చిన కుర్చీని పై నుంచే లాగేసుకుంటారు. జైపాల్ సింగ్ కుర్చీని అలా లాగడం ఎవరి తరమూ కాలేదు, ఎందుకంటే దాన్ని మోసింది పార్టీ ఆఫీసు కాదు.

మేరీ కోమ్‌ను చూడండి. కోమ్ తెగ ఆడబిడ్డ, బాక్సింగ్‌లో ఆమెకు ఎదురులేదు, 2016లో రాజ్యసభకు నామినేట్ చేశారు. 2022లో పదవీకాలం ముగిసింది. మరుసటి ఏడాది మే నెలలో మణిపూర్ తగలబడుతుంటే ఆమె చేయగలిగిందల్లా సోషల్ మీడియాలో ప్రధానిని వేడుకోవడం. నామినేటెడ్ సీటు విలువ అంతే. ఇంకో చేదు నిజం కూడా ఒప్పుకోవాలి. ఆటగాళ్లు కుర్చీలో కూర్చుంటే చాలు, న్యాయం దానంతటదే వస్తుందనుకోవడం అమాయకత్వం. పి.టి. ఉష 2022లో భారత ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలైంది. 2023లో లైంగిక వేధింపులకు వ్యతిరేకంగా మహిళా రెజ్లర్లు ఢిల్లీ రోడ్డు మీద కూర్చుంటే, వాళ్లది క్రమశిక్షణ లేనితనమంది. కాబట్టి పతకమే అర్హత అని నేననడం లేదు. తన జనంతో కలిసి నిలబడ్డ పతకం కావాలంటున్నాను. ఒడిశా సుందర్‌గఢ్ నుంచి వచ్చి మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ టిర్కీ ఇవాళ హాకీ ఇండియా అధ్యక్షుడు. అంత పెద్ద సంస్థను ఒక ఆదివాసీ ఆటగాడు నడపగలిగినప్పుడు, మానుకోటలో జిల్లా కబడ్డీ సంఘం నడపలేడా?

నాకు బాగా కోపం తెప్పించే మాట ఒకటుంది: పాపం ఆటగాళ్లను ఆడుకోనివ్వండి, రాజకీయాలు ఎందుకు? ఆడుకోనివ్వమని చెప్పేవాళ్లంతా రాజకీయ నాయకులే కావడం ఏమిటి మరి! రాష్ట్ర ఒలింపిక్ సంఘానికి 2024లో ఎన్నికైన అధ్యక్షుడు మాజీ ఎంపీ. సంఘాల్లో రాజకీయం వాళ్లు చేస్తే క్రీడాభివృద్ధి, ఆడినవాళ్లు చేస్తే దారితప్పడమా? ఎవరినీ బలవంతంగా నాయకుల్ని చేయమనడం లేదు. పరుగెత్తి, గెలిచి, ఇంటికి పోయి పొలం చేసుకుంటానంటే దండం పెడతాను. తండాను భుజాన మోయాల్సిన బాకీ వాళ్లకేం లేదు. మోస్తానని ముందుకొచ్చినవాళ్ల కాళ్లకు అడ్డం పడకండి చాలు.

ఒక సున్నితమైన సంగతి కూడా దాటేయలేను. కోయలకూ లంబాడాలకూ మధ్య ఎస్టీ హోదా మీద నడుస్తున్న తగువు. 1976లో తెలంగాణ లంబాడాలు జాబితాలో చేరినప్పటి నుంచి ఉన్న మంట, 2017 తర్వాత బాగా పెరిగింది, కోర్టుల దాకా వెళ్లింది. దాని తీర్పు ఈ వ్యాసంలో తేలదు. కానీ కొత్తగూడ, గంగారం, గూడూరు మండలాల్లో ఈ రెండు జాతుల పిల్లలు రోజూ ఒకే జట్టులో కబడ్డీ ఆడుతున్నారు. ఒకడు రెయిడుకు పోతే ఇంకొకడు గొలుసు పడతాడు. పెద్దల సభల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోని రోజుల్లో కూడా ఆ పిల్లలు ఒకరి చెమట ఒకరికి తుడిచారు. రెండు వైపులా మాట చెల్లే మనిషి రేపు ఎక్కడి నుంచైనా రావాలంటే ఆ జట్టులోంచే రావాలి. మన పార్టీలకు అది తెలుసు. అందుకే వాళ్ల టోర్నమెంట్లలో తండా జట్టు వేరు, గూడెం జట్టు వేరు అయితే బాగుండనుకుంటారు.

ఈ నేలకు తలెత్తడం కొత్త కాదు. జనగామ తాలూకా ధర్మాపురం తండాలో జాటోత్ ఠానూ నాయక్, ఆయన మనుషులు భూమి కోసం భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి నిలబడ్డారు. 1950లో ఠానూ నాయక్‌ను కాల్చి చంపారు. ఆ తండాల మనవలు, మునిమనవలే ఇవాళ శాలువా కప్పుకుని ఫొటోకు నిలబడుతున్నారు. వేలకొద్దీ తండాలకు కాకపోయినా వెయ్యికి పైగా తండాలకు, గూడేలకు 2018 చట్టంతో సొంత పంచాయతీలు వచ్చాయి. సర్పంచి కుర్చీ తండాలోకి వచ్చింది. క్రీడా ప్రాంగణం కూడా ఆ పంచాయతీదే. మరి ఆ ప్రాంగణం ఎట్లుండాలో తేల్చే కమిటీలో ఆడిన పిల్ల ఎందుకుండదు? ఏటూరునాగారం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పాలకమండలి సమావేశాలకు ఎమ్మెల్యేలు, అధికారులు వస్తారు. జాతీయ పోటీలు ఆడిన ఇద్దరు కోయ, లంబాడా క్రీడాకారులకు అక్కడ ఓటు ఎందుకుండదు? 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది. జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో కనీసం ఇద్దరు విశిష్ట క్రీడాకారులు ఉండాలంది. ఢిల్లీకి తెలిసిన ఇంగితం మానుకోటకు చేరడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఆశ్రమ పాఠశాలల్లో పీఈటీ పోస్టులు భర్తీ చేసేటప్పుడు, ఆ మండలంలోనే పుట్టి రాష్ట్రానికి ఆడిన గిరిజన యువతకు ముందు పిలుపు ఇవ్వడానికి ఏ చట్టం అడ్డొస్తుంది? అడ్డొస్తే మార్చండి. ఎస్టీ రిజర్వేషన్‌ను ఆరు నుంచి పది శాతం చేయడానికి 2022లో ఒక్క జీవో సరిపోయింది కదా.

ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో జైపాల్ సింగ్ ముండాకు రెండు పేజీలు పెట్టమని కూడా అడుగుతాను. జాతీయ క్రీడా దినోత్సవం నాడు ధ్యాన్‌చంద్ బొమ్మకు దండ వేస్తున్నారు, వేయండి. ఆ ధ్యాన్‌చంద్ తొలి ఒలింపిక్స్ ఆడిన జట్టుకు కెప్టెన్ ఎవరో ఆ దండ వేసే చేతులకు తెలియదు.

వచ్చే జనవరి 3 జైపాల్ సింగ్ పుట్టినరోజు. మూడు జిల్లాల కలెక్టర్లనూ, ఎమ్మెల్యేలనూ ఆ రోజు సభ పెట్టమని అడగను. మైకు వద్దు, జ్యోతి ప్రజ్వలన వద్దు. ఒక కాగితం బయట పెట్టండి. మీ జిల్లాలో క్రీడా సంఘాలు ఎన్ని, వాటి అధ్యక్షులు, కార్యదర్శులు ఎవరు, ఎన్నేళ్లుగా ఉన్నారు, వాళ్లలో ఆ ఆట ఆడినవాళ్లు ఎందరు, గిరిజనులు ఎందరు, ఆడవాళ్లు ఎందరు. కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద అంటించండి. చదువుకోవడానికి మేమే వస్తాం.